పైన రంగుల హంగు.. అడుగున తుప్పు ముప్పు

• విహార బోట్లకు రంగు పడకముందే తనిఖీ జరగాలి
• సీజన్ ముంగిట హడావుడి మరమ్మతులతో ఒరిగేది స్వల్పం
• కచ్చులూరు నేర్పిన పాఠం మరువరాదు

రాజమహేంద్రవరం: గోదావరిలో ఎర్రనీరు తేటబారి, కార్తిక మాసం సమీపించిందంటే పాపికొండల విహారానికి బోట్లు సిద్ధమవుతాయి. వరద నెలల్లో ఒడ్డున కట్టి ఉంచిన బోట్లకు మెరుగులు దిద్దుతారు. బురద కడుగుతారు. కుర్చీలు తుడుస్తారు. పక్కలకు నీలం, తెలుపు రంగులు వేస్తారు. పేరు కొత్తగా రాయిస్తారు. మైకు సెట్టు సరిచూస్తారు. తొలి ఆదివారం నాటికి బోటు పెళ్లికూతురిలా ముస్తాబవుతుంది. టికెట్టు కొన్న ప్రయాణికుడు ఆ రంగును చూసి నమ్మకంగా అడుగు పెడతాడు. అయితే ప్రాణాలను మోసేది ఆ రంగు కాదు. నీటి కింద ఉండే ఇనుప రేకు, చుక్కాని, ప్రొపెల్లర్, అడుగు అరల్లోని నీటిని తోడే పంపు అతడిని గట్టుకు చేరుస్తాయి. వీటిలో ఒక్కటీ ప్రయాణికుడి కంటికి కనిపించదు. ఒకసారి రంగు పడిన తరువాత వస్తే తనిఖీ అధికారి కంటికి కూడా సరిగా కనిపించదు. అసలు సమస్య ఇక్కడే ఉంది.

ఎన్నడూ మానని గాయం

2019 సెప్టెంబరు 15, ఆదివారం. గండి పోచమ్మ ఆలయం వద్ద నుంచి పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద మునిగిపోయింది. ఆ రోజు గోదావరి ప్రవాహం సుమారు 5 లక్షల క్యూసెక్కులు. బోటులో 77 మంది ఉండగా 26 మంది మాత్రమే బతికి బయటపడ్డారు. ఇరు తెలుగు రాష్ట్రాల కుటుంబాలు ఆ ఒక్క పూటలో చెల్లాచెదురయ్యాయి. 200 అడుగులకు పైగా లోతున చిక్కుకున్న బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం 38వ రోజున, అక్టోబరు 22న వెలికితీసింది.

అంతకు ముందు ఏడాది, 2018 మే నెలలోనే ఇదే నదిపై రెండు దుర్ఘటనలు జరిగాయి. పాపికొండలకు వెళుతున్న పర్యాటక బోటు మంటల్లో చిక్కుకోగా ప్రయాణికులు ప్రాణాలతో బయటపడ్డారు. కొద్ది రోజుల వ్యవధిలోనే మంటూరు వద్ద ఈదురుగాలికి ప్రయాణికుల లాంచీ మునిగిపోయింది. వానజల్లు పడకుండా తలుపులు మూసి ఉండటంతో పలువురు లోపలే చిక్కుకుపోయారు. 2017 నవంబరు 12న విజయవాడ సమీపంలోని కృష్ణా పవిత్ర సంగమం వద్ద మరో పర్యాటక బోటు బోల్తా పడింది. మృతుల్లో అత్యధికులు ఒంగోలు నుంచి వచ్చినవారే.

ఈ నాలుగు ఘటనలకు కారణాలు వేర్వేరు. ఉద్ధృతి, నిప్పు, గాలి, అధిక భారం.. ఒక్కోచోట ఒక్కో రూపంలో ముప్పు ముంచుకొచ్చింది. కచ్చులూరు బోటు అడుగు పుచ్చిపోయి మునిగిందని ఎవరూ అనలేదు. వరద వేళ సుడులకు పేరుపడిన మలుపులోకి వెళ్లడమే అక్కడ ప్రధానంగా చర్చకు వచ్చింది. కాబట్టి బోటు శుభ్రంగా ఉంటే చాలు, ప్రమాదాలన్నీ తప్పిపోతాయని చెప్పడం పొరపాటు. అయితే ఆపద ఎదురైన క్షణంలో సరంగు చేతిలో మిగిలేవి రెండే. చుక్కాని తిప్పితే బోటు తిరగడం, ఇంజిన్ పెంచితే ముందుకు కదలడం. ఆ రెండింటి సత్తా సీజన్‌కు ముందు చేసిన పనిపైనే ఆధారపడి ఉంటుంది.

వరద నెలల్లో ఏం జరుగుతుంది?

జులై నుంచి అక్టోబరు వరకు గోదావరి శాంతంగా ఉండదు. భద్రాచలం వద్ద నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి, 48 అడుగులకు రెండో, 53 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 2022 జులైలో అది 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో నమోదైన 75.6 అడుగుల తరువాత ఆ స్థాయి వరద అదే. ఇంతటి ప్రవాహంలో ఒడ్డున కట్టి ఉంచిన బోటుకు విశ్రాంతి లభించదు. కొట్టుకొచ్చే మానులు పక్కలను గుద్దుతాయి. నీరు పెరిగి తగ్గేటప్పుడు అడుగు భాగం రాయికి ఒరుసుకుంటుంది. లంగరు గొలుసు, మోకులు ఒరిపిడికి అరుగుతాయి. పైనుంచి పడిన వాన అడుగు అరల్లో నిలుస్తుంది. డీజిల్ ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపలి గోడలకు చెమ్మ పట్టి, ఆ నీరు ఇంధనంలోకి దిగుతుంది. బ్యాటరీలు నీరసిస్తాయి. గదిలో మూటకట్టి పడేసిన లైఫ్ జాకెట్ల పట్టీలను ఎలుకలు కొరుకుతాయి.

అంటే నడిచిన నెలల్లో కంటే కదలకుండా ఉన్న నెలల్లోనే బోటుకు చేటు ఎక్కువ. దానిని సరిచేయడానికి దొరికే వ్యవధి మాత్రం అతి తక్కువ. వరద ఎప్పుడు తగ్గుతుందో, అనుమతి ఎప్పుడు వస్తుందో ముందుగా తెలియదు. అనుమతి రాకముందు ఖర్చు పెట్టడానికి యజమాని జంకుతాడు. వచ్చాక ఒక్క ఆదివారం కూడా వదులుకోలేడు. కార్తిక వనభోజనాలు, సంక్రాంతి సెలవులు, ఆపై వేసవి.. ఏడాది ఆదాయమంతా ఈ కొద్ది వారాల్లోనే రావాలి. ఈ తొందరలో కంటికి కనిపించే పని ముందుకు వస్తుంది. కనిపించనిది మరుసటి ఏడాదికి వాయిదా పడుతుంది.

నీటి కింద చూడాల్సింది ఇదీ..

విహార బోట్లలో పెద్దవి చాలావరకు ఇనుప రేకుతో తయారైనవే. సముద్రపు పడవలను పీడించే గుల్లపురుగులు మంచినీటి నదిలో పట్టవు. ఇక్కడ పట్టేది పాచి, జిగురు, ఒండ్రు. ఇది చూడటానికి స్వల్పమే అయినా, గరుకుతేలిన అడుగు నీటిలో జారదు. అదే వేగానికి ఇంజిన్ ఎక్కువ శ్రమించాలి. ఎదురు ప్రవాహంలో వెళ్లేటప్పుడు అవసరానికి ఉండాల్సిన అదనపు శక్తి ఆ మేరకు తగ్గుతుంది. కనుక బోటు అడుగును ఒడ్డుకు చేర్చి పూర్తిగా గీకి, కడగటం అందం కోసం చేసే పని కాదు.

గీకిన తరువాతే అసలు పరీక్ష మొదలవుతుంది. సుత్తితో తట్టుకుంటూ వెళితే గట్టి రేకు ఖంగుమంటుంది. పలచబడినది బొద్దుగా పలుకుతుంది. అనుభవం గల మేస్త్రీ చెవి దీనిని పట్టేస్తుంది. రేకు మందాన్ని మిల్లీమీటర్లలో చూపే అల్ట్రాసోనిక్ పరికరాలు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. వాటితో కొలిస్తే సందేహానికి తావుండదు. 6 మిల్లీమీటర్ల రేకు 4కు చేరిందంటే మూడోవంతు బలం హరించుకుపోయినట్లే. తుప్పు ఎక్కువగా తినేది నీటి గీత వెంబడి, అడుగు అరల మూలల్లో, వెల్డింగు అతుకుల పక్కన. బయట నున్నగా ఉండి లోపల నుంచి పుచ్చే రేకులూ ఉంటాయి. అందువల్ల లోపలి చెక్క పలకలు ఎత్తి చూడాలి.

పలచబడిన చోట పాత రేకును కోసి తీసి, కొత్తది అతకడం సరైన పద్ధతి. దాని మీదే మరో రేకు వేసి వెల్డింగు చేయడం చౌక మార్గం. పైరేకు కింద పాత తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. పైగా 6 మిల్లీమీటర్ల రేకు చదరపు మీటరుకు సుమారు 47 కిలోలు తూగుతుంది. పది చదరపు మీటర్ల మేర అతుకులు వేస్తే దాదాపు ఏడుగురు ప్రయాణికుల బరువు శాశ్వతంగా బోటులో కూర్చున్నట్లే.

తుప్పు నిరోధానికి అడుగున బిగించే లోహపు దిమ్మెల విషయంలోనూ జాగ్రత్త అవసరం. తమను తాము కరిగించుకుంటూ ఇనుమును కాపాడటం వాటి పని. సముద్ర పడవలకు వాడే జింకు దిమ్మె మంచినీటిలో పైపొర గట్టిపడి పనిచేయడం మానేస్తుంది. నదీ బోట్లకు మెగ్నీషియం అనువైనది. తీరంలోని దుకాణాల్లో దొరికేది కదా అని జింకు తెచ్చి బిగిస్తే ఖర్చు తప్ప రక్షణ ఉండదు. ఆ దిమ్మెలకు రంగు వేసినా ఫలితం అంతే.

ప్రొపెల్లర్ రెక్క అంచు వంగినా, చెక్కు లేచినా బోటు వణుకుతుంది. ఆ వణుకు షాఫ్టును, బేరింగును తినేస్తుంది. షాఫ్టు బోటులోకి ప్రవేశించే చోట ఉండే ప్యాకింగు అరిగితే నీరు నిలకడగా లోపలికి వస్తుంది. చుక్కాని ఇరుసులో ఆట ఎంత ఉందో చేత్తో ఊపి చూడాలి. స్టీరింగు చక్రం కొంత తిరిగాక గాని చుక్కాని కదలడం లేదంటే, నిదానమైన నీటిలో అది చిరాకు మాత్రమే. సుడిలో అదే ప్రాణాంతకం.

అడుగున నిలిచే నీరు.. కదిలే బరువు

అడుగు అరల్లో కొద్దిపాటి నీరు సహజమేనన్న ధోరణి ప్రమాదకరం. పది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు గల అరలో అయిదు సెంటీమీటర్ల నీరు నిలిస్తే అది రెండు వేల లీటర్లు. అంటే రెండు టన్నులు. చీలమండ కూడా మునగని ఆ నీరు బోటు ఒరిగిన వైపే పరుగెడుతుంది. ఒరిగిన బోటు తిరిగి నిలవకుండా అటే నొక్కుతుంది. కూర్చున్న మనుషుల కంటే ఇలా కదిలే బరువుతోనే ముప్పు ఎక్కువ. నీటిని తోడే పంపు పనిచేస్తోందా, దాని గొట్టానికి చెత్త అడ్డుపడిందా, కరెంటు లేనప్పుడు చేత్తో కొట్టే పంపు ఉందా అన్నవి సీజన్‌కు ముందు చూడాల్సిన మొదటి అంశాలు. పాత బట్టపేలికలు, ప్లాస్టిక్ సంచులు అడుగు అరల్లో వదిలేస్తే అత్యవసర సమయంలో అవే పంపు నోటిని మూసేస్తాయి. శుభ్రత భద్రతగా మారేది ఇలాంటి చోటే.

పై అంతస్తులో చేసే మార్పులు మరో సమస్య. ఒక ఏడాది నీళ్ల ట్యాంకు, మరో ఏడాది జనరేటరు, ఇంకో ఏడాది డ్యాన్సు వేదిక, కొత్త కప్పు.. ఇలా బోటు పైభాగం ఏటా బరువెక్కుతుంది. కప్పుపై 500 లీటర్ల ట్యాంకు నిండితే అర టన్ను. బరువు ఎంత పైకి చేరితే బోటు అంత తేలికగా ఒరుగుతుంది. సర్టిఫికెట్టులో రాసిన ప్రయాణికుల సంఖ్య నాడు కొలిచిన బోటుకు వర్తించేది. మార్పులు చేసిన బోటుకు అదే సంఖ్య వర్తిస్తుందని భావించడం ఆత్మవంచన.

ఇతర రాష్ట్రాల అనుభవం దీనినే చెబుతోంది. 2009 సెప్టెంబరు 30న కేరళలోని తేక్కడిలో రెండంతస్తుల జలకన్యక బోటు బోల్తా పడి 45 మంది మరణించారు. ఒడ్డున జంతువులను చూసేందుకు ప్రయాణికులు ఒకవైపునకు చేరడం కారణాల్లో ఒకటి. 2023 మే 7న అదే రాష్ట్రంలోని తానూరులో 22 మందిని బలిగొన్నది చేపల పడవను విహార బోటుగా మార్చి, పరిమితికి మించి ఎక్కించుకున్న నౌక. 2024 జనవరి 18న గుజరాత్‌లోని వడోదర హర్ణి చెరువులో విద్యార్థుల పడవ మునిగి 12 మంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు మృతి చెందారు. పడవలోని చాలామందికి లైఫ్ జాకెట్లు లేవు.

చట్టం ఉంది.. వేళ కుదరాలి

నదీ నౌకలకు సంబంధించి 1917 నాటి చట్టం స్థానంలో పార్లమెంటు 2021లో కొత్త చట్టాన్ని తెచ్చింది. రిజిస్ట్రేషను, సర్వే సర్టిఫికెట్టు, అర్హత గల సిబ్బంది, బీమా, కాలుష్య నివారణ వంటి అంశాలు అందులో ఉన్నాయి. భద్రాచలం, రాజమహేంద్రవరం మధ్య 171 కిలోమీటర్ల గోదావరి నాలుగో జాతీయ జలమార్గంలో భాగం. కచ్చులూరు దుర్ఘటన అనంతరం బోట్ల రాకపోకల పర్యవేక్షణకు రాష్ట్ర ప్రభుత్వం తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములకు శ్రీకారం చుట్టింది. గండి పోచమ్మ, పేరంటపల్లి, పోచవరం వంటి రేవులు ఆ జాబితాలో ఉన్నాయి. 2021 నవంబరులో పాపికొండల విహారం మళ్లీ మొదలైంది.

ఇవన్నీ ఆహ్వానించదగినవే. అయితే కంట్రోల్ రూము చూడగలిగేది బయలుదేరే వేళను, ఎక్కిన వారి సంఖ్యను, వేసుకున్న జాకెట్టును, నది మట్టాన్ని. బోటు పొట్టలో ఏముందో గట్టు మీద నిలబడి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ పని సర్వే జరిగే వేళ చేయాలి. సర్వే అధికారి వచ్చేసరికి అడుగు గీకి, ప్రైమరు పూయక ముందు వట్టి ఇనుముగా కనిపిస్తే ఆయన సంతకానికి విలువ ఉంటుంది. నాలుగు పూతల రంగు ఆరి, బోటు నీటిలో తేలుతుండగా వస్తే ఆయన చూడగలిగేది కాగితాలనూ, కుర్చీలనూ మాత్రమే. ఒకే అధికారి, ఒకే నిబంధన, ఒకే బోటు. రెండు వారాల ముందూ వెనకా తేడాతో తనిఖీ అర్థమే మారిపోతుంది.

అందుచేత తనిఖీని మూడు దశలుగా విభజించడం మేలు. బోటు గట్టున, రంగు లేకుండా ఉన్నప్పుడు మొదటిది. అందులో రేకు మందం, అతుకులు, చుక్కాని, షాఫ్టు చూడాలి. నీటిలోకి దించాక రెండోది. ఇంజిన్, పంపులు, విద్యుత్తు తీగలు, అగ్నిమాపక సామగ్రి ఇందులోకి వస్తాయి. ప్రయాణికుల బరువుకు సమానంగా ఇసుక బస్తాలు వేసి, ఒకవైపునకు జరిపి, ఎంత ఒరుగుతుందో చూడటం మూడోది. పై అంతస్తులో మార్పు చేసిన ప్రతి బోటుకూ ఈ మూడో పరీక్ష తప్పనిసరి చేయాలి.

గట్టు ఎక్కించే చోటు ఏదీ?

యజమానులనే తప్పుపట్టడం న్యాయం కాదు. పదుల టన్నుల బోటును నీటి నుంచి పైకి లాగాలంటే వాలుగా కట్టిన కాంక్రీటు దారి, పట్టాలు, బలమైన వించి కావాలి. పోలవరం నిర్మాణంలో భాగంగా 2021 జూన్‌లో గోదావరిని స్పిల్‌వే మీదుగా మళ్లించారు. దాంతో ఎగువన తిరిగే బోట్లకు రాజమహేంద్రవరం వైపు మునుపటి నీటి దారి లేకుండా పోయింది. కాఫర్ డ్యాము వెనుక నీరు పెరిగి పాత రేవులు ముంపు బారిన పడ్డాయి. ఒకప్పుడు వేసవిలో నీరు తగ్గగానే ఇసుక మేటపై బోటును ఒరిగించి అడుగు చూసుకునే అలవాటు ఉండేది. నీటిమట్టం తీరు మారుతున్న కొద్దీ ఆ సౌకర్యం కూడా కుదించుకుపోతుంది.

గోదావరి ముఖద్వారానికి ఈ విద్య కొత్తదేమీ కాదు. 19వ శతాబ్దిలో కోరంగి రేవు ఓడల నిర్మాణానికి, మరమ్మతులకు పేరుగాంచింది. నౌకను గట్టెక్కించి అడుగు చూడనిదే తిరిగి నీటిలోకి పంపకూడదన్న పద్ధతి ఈ జిల్లాల పనివారికి తాతల నాటి నుంచి తెలుసు. లోపించినది నైపుణ్యం కాదు, చోటు. ఎగువన ఒకటి, దిగువన ఒకటి చొప్పున ఉమ్మడి మరమ్మతు గట్లు ఏర్పాటు చేసి, బోటుకు ఇంత అని అద్దె వసూలు చేస్తే చిన్న యజమానులకూ వెసులుబాటు కలుగుతుంది. సర్వే అధికారి పది రేవులు తిరగనక్కర లేకుండా ఒకేచోట వరుసగా చూడగలుగుతారు.

సిబ్బంది సంగతి కూడా ఆలోచించాలి. బోటు ఆగితే సరంగుకు, కళాసీలకు కూలి ఆగుతుంది. వారు వేరే పనులకు తరలిపోతారు. సీజన్ మొదలయ్యాక కొత్తవారు చేరితే, ఆ బోటు ఏ చప్పుడు చేస్తే ఏ జబ్బో వారికి తెలియదు. మరమ్మతుల కాలానికి కూడా పాత సిబ్బందికే కూలి ఇచ్చి పనిలో పెట్టుకుంటే, తమ చేత్తో విప్పి బిగించిన యంత్రాన్నే వారు నడుపుతారు. ఇంతకంటే చౌకైన బీమా మరొకటి లేదు.

కడిగిన నీరు ఎటు పోతోంది?

బోటు శుభ్రం కావాలి గాని, నది మలినం కారాదు. అడుగు అరల్లో పేరుకున్న నీటిలో డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిసి ఉంటాయి. దానిని నేరుగా నదిలోకి తోడేయడం సులువు. అయితే ఆ నీరే దిగువన ధవళేశ్వరం ఆనకట్టకు చేరుతుంది. 1852లో కాటన్ పూర్తి చేయించిన ఆనకట్ట వారసత్వంగా నేటికీ సుమారు పది లక్షల ఎకరాల డెల్టా ఆ నీటిపైనే ఆధారపడి ఉంది. ఊరి చెరువులకు, తాగునీటి పథకాలకు చేరేదీ కాలువ నీరే. నూనె తేరిన నీటిని డ్రమ్ముల్లో పట్టి, పాత ఆయిల్ కొనేవారికి అప్పగించాలి.

గీకిన పాత రంగు పొడి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. పాత పూతల్లో సీసం ఉండే అవకాశం ఉంది. ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేస్తూ కేంద్రం 2016లో నిబంధనలు జారీ చేసింది. పరిశ్రమలకు వాడే రంగులు ఆ నిబంధనల పరిధిలోకి రావు. కనుక బోటు కింద టార్పాలిన్ పరిచి, పొడిని పోగుచేసి తొలగించాలి. గీకే కూలీల ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు ఇవ్వాలి. పనిచోటుకు పిల్లలను రానివ్వరాదు.

ప్రయాణికుడు చూడగలిగినవి..

బోటు అడుగు చూడలేకపోయినా, టికెట్టు కొనేవారు గమనించదగినవి కొన్ని ఉన్నాయి.

• పరిమితి ఎంతమందికో రాసిన పలక కనిపించాలి. ఎక్కినవారిని లెక్కపెట్టడానికి నిమిషం చాలు.
• లైఫ్ జాకెట్టు పట్టీ, బకిల్ లాగి చూడాలి. లోపలి స్పంజి నలిగి అట్టలా మారితే అది తేలదు. పిల్లలకు పెద్దల జాకెట్టు పనికిరాదు, నీటిలో పడగానే పైకి జారిపోతుంది.
• భోజనం వేళ, ఉక్కపోత వేళ జాకెట్టు విప్పరాదు. ఆపద వచ్చాక వేసుకునే వ్యవధి దొరకదు.
• అగ్నిమాపక సిలిండరు గడియారంలో ముల్లు ఆకుపచ్చ భాగంలో ఉండాలి. వంట గ్యాసు ఇంజిన్ గదికి దూరంగా ఉండాలి.
• కిటికీలు, తలుపులు బయటకు వెళ్లేందుకు వీలుగా ఉన్నాయో లేదో చూడాలి. మంటూరు ఘటన చెప్పిన హెచ్చరిక ఇదే.
• గట్టున ఆగి ఉన్నప్పుడే బోటు ఒకవైపునకు ఒరిగి ఉంటే ఎక్కకుండా కారణం అడగాలి.
• ఆగకుండా నీరు తోడుతున్న పంపు శబ్దం వినిపిస్తే అది శుభసూచకం కాదు.

తేదీ రాసిన పలక చాలు

పెద్ద పెద్ద పథకాల కోసం ఎదురుచూడకుండా, ఖర్చు లేకుండా చేయగల పని ఒకటి ఉంది. ప్రతి బోటు ఎక్కే ద్వారం వద్ద ఒక పలకపై మూడు తేదీలు రాయాలి. అడుగును రంగు లేకుండా చివరిసారి తనిఖీ చేసినది ఎప్పుడు? భారం వేసి ఒరుగు పరీక్ష జరిపినది ఎప్పుడు? లైఫ్ జాకెట్లను నీటిలో వేసి చూసినది ఎప్పుడు? తేదీ కింద పరీక్షించిన అధికారి హోదా ఉండాలి. అదే వివరం కంట్రోల్ రూము గోడపైనా ఉండాలి. లారీ వెనుక ఫిట్‌నెస్ తేదీ చూసే అలవాటు ఉన్న ప్రజలకు ఇది కొత్తగా అనిపించదు. ఖాళీగా ఉన్న పలక తానే సాక్ష్యం చెబుతుంది.

విహారం వల్ల ఒడ్డున ఎందరో బతుకుతున్నారు. వెదురు బుట్టలు, బొమ్మలు అమ్ముకునే గిరిజన మహిళలు, వంటవారు, ఆటోల వారు, కళాసీలు బోటు కదిలితేనే పొయ్యి వెలిగించుకోగలరు. 2019 తరువాత రేవులు మూతపడినప్పుడు ముందుగా నష్టపోయింది వారే. ఒక్క బోటు మునిగితే అన్ని బోట్లూ నిలిచిపోతాయి. కనుక భద్రత కోసం పెట్టే ఖర్చు యజమానికి భారమనో, అధికారులకు తలనొప్పి అనో భావించడం సరికాదు. అది ఆ రేవు మొత్తానికి జీవనాధారం.

వరద తగ్గి అనుమతుల దస్త్రం కదిలే లోపే, బోట్లు ఇంకా గట్టున ఉండగానే సర్వే బృందాలను పంపేలా పర్యాటక, జల రవాణా, రెవెన్యూ శాఖలు ముందస్తు షెడ్యూలు ప్రకటించాలి. రంగు డబ్బా మూత తెరవక ముందే అడుగు చూడాలన్న ఒక్క నియమాన్ని కచ్చితంగా అమలు చేసినా, గోదావరిపై వెళ్లే కుటుంబాలకు సగం భరోసా దక్కుతుంది. మిగిలిన సగం నది ఉద్ధృతిని గౌరవించడంలోనూ, పరిమితికి మించి ఒక్కరిని కూడా ఎక్కించకపోవడంలోనూ ఉంది.